గుల్లను తిరగేసి చూడండి

అందరికీ నమస్కారం. మరో అరగంటలో ఆటు బాగా తీస్తుంది, మనం రాళ్ళ మీదికి దిగుతాం. విశాఖ తీరం అనగానే అందరికీ ఇసుకే గుర్తొస్తుంది కానీ, నాకు మాత్రం జోడుగుళ్ళపాలెం దగ్గరి ఈ రాళ్ళే ప్రాణం. వీటికి అంటుకుని బతికే జీవుల గురించి దిగే ముందు కాస్త చెబుతాను.

రాతి మీద బోర్లించిన చిన్న గొడుగులా కనిపించేది లింపెట్. నత్తల కుటుంబానిదే, కాకపోతే గుల్లకు మెలిక ఉండదు. బార్నకిల్‌తో పొరబడకండి. బార్నకిల్ గోడ అనేక పలకలుగా ఉంటుంది, పైన మూత తెరుచుకుంటుంది. అది రొయ్యలకు, పీతలకు చుట్టం. లింపెట్ గుల్ల ఒకే ముక్క. శిఖరాన తాళపుచెవి రంధ్రంలాంటి కన్నం ఉంటే మాత్రం అది వేరే కుటుంబం, కీహోల్ లింపెట్.

అసలు చిక్కు మరొకటి ఉంది. నేను చదువుకునే రోజుల్లో ఈ రాళ్ళ మీదే ఏరిన గుల్లలన్నిటినీ ఒకే సీసాలో వేసి, లింపెట్లని చీటీ అంటించాను. మా మాస్టారు ఏమీ అనలేదు. రెండు గుల్లలు తీసి వెల్లకిలా పెట్టి నా ముందుకు జరిపారు. ఒకదాని లోపల కండరం అంటుకున్న మచ్చ గుర్రపు నాడాలా ఉంది, తల ఉండే వైపు మాత్రమే తెరుచుకుని. అది సెల్లానా, నిజమైన లింపెట్. లోపల వెండిలా మెరుస్తుంది. రెండోదాని మచ్చ పక్కన కూడా తెగి ఉంది. అక్కడ ఒక గాడి ఉంది, అంచు కొంచెం బయటికి ఉబ్బింది. అది సైఫొనేరియా. ఆ గాడి గుండా గాలి పీల్చుకుంటుంది. వంశం చూస్తే నిజమైన లింపెట్ల కంటే మన తోటల్లో తిరిగే నత్తలకే దగ్గర. ఒకే రాయి, ఒకే ఎండ, ఒకే అల రెండింటికీ ఒకే గొడుగు ఆకారాన్ని ఇచ్చాయి. పై రూపం చూసి పేరు పెడితే తప్పు జరిగేది ఇక్కడే. ఒక జాగ్రత్త: ఆ గాడి జంతువుకు కుడి పక్కన ఉంటుంది. గుల్లను వెల్లకిలా పెట్టి తల వైపును పైకి ఉంచితే, మీకు ఎడమ పక్కన కనిపిస్తుంది.

ఇప్పుడు నా చేతిలోది చూడండి. ఇది ఇక్కడిది కాదు. న్యూజెర్సీలో ఉంటున్న మా చెల్లెలు అక్కడి తీరంలో ఏరి తెచ్చింది. పైనుంచి చూస్తే లింపెట్‌లానే ఉంది కదా? తిరగేస్తే సగం మేర తెల్లని పలక, అచ్చం చెప్పులో కాలు దూర్చే చోటులా. అందుకే స్లిప్పర్ నత్త అన్నారు. దీని శాస్త్రీయ నామం క్రెపిడ్యులా ఫార్నికేటా. అందులో ఫార్నికేటా అన్న మాట 1758 నుంచి ఉంది. లింపెట్ రాతి మీది నాచును గీరి తింటుంది, ఇది కదలకుండా మొప్పలతో నీటిని వడకట్టుకుని తింటుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి దొంతరగా బతుకుతాయి. అడుగున ఉన్నవి ఆడవి, పైన ఉన్న చిన్నవి మగవి. మగది పెరిగే కొద్దీ ఆడదిగా మారుతుంది. ఇంత చక్కని ఏర్పాటు నాకు మరెక్కడా కనిపించలేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా ఆయిస్టర్లు అనే ఆల్చిప్పలతో పాటు ఇంగ్లండు చేరి, అక్కడి ఆయిస్టర్ల మడుల్లో జాగా ఆక్రమించింది కూడా ఇదే.

లింపెట్ గీరడం అన్నాను కదా. 2015లో బ్రిటన్ పరిశోధకులు పటెల్లా వల్గేటా అనే లింపెట్ పళ్ళను పరీక్షించి, అప్పటిదాకా తెలిసిన జీవ పదార్థాలన్నిటిలోకీ లాగినా తెగని బలం వాటికే ఎక్కువని తేల్చారు. సాలెపురుగు దారం కంటే కూడా. వాటి బలానికి మూలం గోతైట్ అనే ఇనుప ఖనిజపు సన్నని పోగులు.

బతికి ఉన్నదాన్ని దయచేసి పెకలించకండి. దాని గుల్ల అంచు తాను కూర్చునే రాతి గుంటకు సరిపోయేలా అరిగి ఉంటుంది. అక్కడి నుంచి తీసి మరోచోట పెడితే ఆ అమరిక దొరకదు, ఎండకు తడి ఆరిపోతుంది. తిరగేసి చూడడానికి అలలు విసిరేసిన ఖాళీ గుల్లలు చాలు. బతికినదాన్ని గమనించాలంటే గోళ్ళ రంగుతో గుల్ల మీద ఒక చుక్క, పక్కన రాతి మీద ఒక చుక్క పెట్టండి. రేపటి ఆటుకు మళ్ళీ వచ్చి ఆ రెండు చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో కొలుద్దాం. నాచు ఉన్నచోట కాలు జారుతుంది, పిల్లల చేతులు పట్టుకోండి.