గతుకుల రోడ్డు మీద హాయిగా, వేగంగా: రోడ్ బైక్ ఎలా ఎంచుకోవాలి

అందరికీ నమస్కారం. రోడ్ బైక్ కొందామని షాపుకెళ్తే ముందుగా కంట్లో పడేవి సన్నటి టైర్లు, బాగా కిందికి ఉన్న హ్యాండిల్. నున్నటి రోడ్డు మీద అవి బాణంలా దూసుకెళ్తాయి. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడికి చక్కగా సరిపోతాయి. కానీ ఆ ట్రాక్ దాకా వెళ్ళాలన్నా ప్యాచ్‌లు వేసిన తారు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడి, వరసగా రంబుల్ స్ట్రిప్పులు దాటుకునే పోవాలి. వికారాబాద్ అనంతగిరి వైపు, అరకు ఘాట్ వైపు తిరిగేవాళ్ళకీ, 200 కిలోమీటర్ల బ్రెవెట్‌ను, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరప్రయాణ రైడ్‌ను, పదమూడున్నర గంటల్లో ముగించాలనుకునేవాళ్ళకీ రోజంతా ఇవే రోడ్లు. అలాంటి రోడ్డుకు ఏ సైకిల్ తీసుకోవాలో, ఎక్కడ కొలిచి చూడాలో ఇప్పుడు చెప్పుకుందాం.

హాయి కావాలంటే వేగం వదులుకోవాలని చాలామంది అనుకుంటారు. గతుకుల రోడ్డు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. గట్టిగా గాలి కొట్టిన టైరు కంకర రాయి ఎక్కితే టైరు నొక్కుకోదు, చక్రమే పైకి లేస్తుంది. చక్రంతో పాటు సైకిల్, మీ ఒళ్ళు కూడా లేచి పడతాయి. చేతులు, తొడలు, నడుము ఆ కుదుపును మింగుతాయి. అలా పోయే శక్తంతా మీరు తొక్కి సంపాదించిన వేగం లోంచే పోతుంది. టైరు మెత్తగా నొక్కుకుని రాయి మీదుగా దొర్లిపోతే ఆ శక్తి మిగులుతుంది.

1896లో మొదలైన పారిస్–రూబే రేసునే చూడండి. అందులో 50 కిలోమీటర్లకు పైగా రాళ్ళు పరిచిన దారి. అక్కడ గెలవడానికి వచ్చేవాళ్ళు ఇప్పుడు 30, 32 ఎంఎం వెడల్పున్న టైర్లు వేస్తున్నారు. ఆ రేసు రోడ్ల కోసమే 2004లో స్పెషలైజ్డ్ రూబే, 2012లో ట్రెక్ డొమానే లాంటి సైకిళ్ళు పుట్టాయి. ఈ రకాన్ని ఎండ్యూరెన్స్ రోడ్ బైక్ అంటారు. జయంట్ డిఫై, క్యానన్‌డేల్ సినాప్స్ కూడా ఇదే కోవ. మనం వెతకాల్సింది ఈ కుటుంబంలోనే.

షాపులో మొట్టమొదట చూడాల్సింది టైరుకు చోటు. గేర్లు తర్వాత మార్చుకోవచ్చు, సీటు మార్చుకోవచ్చు, చక్రాలూ మార్చుకోవచ్చు. ఫ్రేములో చోటు మాత్రం కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

ఇదిగో, ఇక్కడ దగ్గరగా చూడండి. ఇది 6 ఎంఎం అలెన్ కీ, మన మెకానిక్‌లు ఎల్‌ఎన్ కీ అంటారు. దీని పొట్టి కొసను టైరుకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకీ మధ్య పెడుతున్నా. ఎక్కడా రాసుకోకుండా దూరింది. ఎడమ వైపు, కుడి వైపు, పైన, మూడు చోట్లా చూడాలి. ఇప్పుడు వెనక్కి వద్దాం. పెడళ్ళ ఇరుసు వెనకాల, చక్రానికి రెండు పక్కలా వెళ్ళే కింది గొట్టాలున్నాయే, చైన్‌స్టేలు, చాలా సైకిళ్ళలో అసలు ఇరుకు ఇక్కడే. చక్రం తీసేసి టైరు వెడల్పు వచ్చే చోట టేపు పెట్టి కొలవండి. 44 ఎంఎం ఉందనుకోండి, అటు 6, ఇటు 6 తీసేస్తే 32 ఎంఎం టైరు పడుతుంది. ఆ 6 ఎంఎం ఎందుకంటే, చక్రం కొంచెం వంకరపోయినా టైరు రాసుకోకూడదు. పైగా వానాకాలం నల్లరేగడి మట్టి టైరుకు అంటుకుని తిరుగుతుంటే, ఇరుకు ఫ్రేములో అది అట్ట కట్టి పెయింటును, ఆ తర్వాత ఫ్రేమునే గీకేస్తుంది.

ఒక జాగ్రత్త. టైరు మీద 32 అని అచ్చు వేసినంత మాత్రాన అది 32 ఉండదు. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే అదే టైరు 33, 34 కొలతకు ఉబ్బుతుంది. కాబట్టి గాలి కొట్టిన టైరునే కొలవాలి.

మన రోడ్లకు నా సలహా: కనీసం 32 పట్టాలి, 35 పడితే ఇంకా మంచిది. డొమానే ఇప్పటి మోడళ్ళలో 38 దాకా పడుతుంది. రిమ్మును పట్టి ఆపే పాత తరహా రిమ్ బ్రేకు రోడ్ బైకుల్లో చాలావాటికి 25, మహా అయితే 28 తోనే బ్రేకు అడ్డొస్తుంది. తక్కువ ధరకు వస్తోందని అక్కడ తొందరపడకండి. డిస్క్ బ్రేకున్నదే తీసుకోండి. హైడ్రాలిక్ అయితే చేతులకు శ్రమ తక్కువ, కేబుల్ డిస్క్ అయితే ఊళ్ళో బాగు చేయించుకోవడం తేలిక.

రెండోది, కూర్చునే తీరు. ఇక్కడ రెండు కొలతలు పనికొస్తాయి, స్టాక్, రీచ్. పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబు పై అంచు దాకా నిలువు ఎత్తు స్టాక్. అదే రెండు బిందువుల మధ్య అడ్డంగా ఉండే దూరం రీచ్. కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పాత సైకిల్ కొంటూ ఉంటే ఇలా కొలవండి: వెనక టైరును గోడకు ఆనించి సైకిల్‌ను నిటారుగా నిలబెట్టండి. నేల నుంచి హెడ్ ట్యూబు పైకి ఎంతో, నేల నుంచి ఇరుసుకు ఎంతో కొలిచి తీసేస్తే స్టాక్ వస్తుంది. గోడ నుంచి అదే రెండు కొలతలు తీసుకుని తీసేస్తే రీచ్. స్టాక్‌ను రీచ్‌తో భాగించండి. 545ను 390తో భాగిస్తే 1.4 దగ్గర వస్తుంది, అది రేసు సైకిల్. 580ని 380తో భాగిస్తే 1.5 దాటుతుంది, అది ఎండ్యూరెన్స్ సైకిల్. నడుము, మెడ గంటల తరబడి ఓర్చుకునేది ఈ రెండోదాన్నే.

అలాగని పూర్తిగా నిటారుగా కూర్చునే సైకిల్ వద్దు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మీ శ్రమలో పెద్ద వాటా గాలిని చీల్చడానికే పోతుంది. హాయిగా ఉంటుందని ముందు సస్పెన్షన్ ఫోర్కున్న హైబ్రిడ్ సైకిల్ అంటగట్టడం షాపుల్లో మామూలే. ఆ చవక స్ప్రింగు ఫోర్కు రెండు కిలోలు దాటుతుంది, నిలబడి తొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగుతుంది. సన్నటి కంకర తాలూకు గరగర తగ్గించడంలో మాత్రం మంచి 35 టైరు ముందు అది తేలిపోతుంది.

ఫ్రేము కార్బనా, అల్యూమినియమా అన్నదాని మీద ఎక్కువసేపు ఆగను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, వెడల్పు టైర్లు, బడ్జెట్‌లో ఈ జోడీ చాలు. సీటు కిందుండే సీట్‌పోస్ట్ 27.2 ఎంఎం గుండ్రటిదైతే మేలు, సన్నగా ఉంటుంది కాబట్టి కాస్త వంగి కుదుపు తీసుకుంటుంది. కార్బన్ పోస్ట్ వేస్తే గ్రీజు కాకుండా కార్బన్ పేస్ట్ రాయాలి. బోల్టును దాని మీద రాసి ఉన్న న్యూటన్ మీటర్ల మేరకే టార్క్ రెంచితో బిగించాలి.

గేర్లలో ముందు 50, 34 పళ్ళ చక్రాలు (50/34), వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా (11–34) ఉంటే అన్నిటికీ సరిపోతుంది. నిమిషానికి 90 చుట్లు తొక్కితే పెద్ద గేరులో గంటకు 52 కిలోమీటర్లు పోతారు. ఘాట్‌లో 34కి 34 వేసి 60 చుట్లు తిప్పినా గంటకు ఎనిమిది కిలోమీటర్లకు దగ్గరగా ఎక్కుతూ ఉంటారు.

చక్రాల విషయానికొస్తే, ఈ రోడ్లకు 28 స్పోకులకు తగ్గొద్దు. కొత్త చక్రం 150, 200 కిలోమీటర్లు నడిచాక స్పోకులు కాస్త వదులవుతాయి. ఇలా ఒక్కో స్పోకును వేలితో మీటండి. విన్నారా? ఒకే వైపు ఉన్నవన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగాలి. ఇదిగో, ఇది బొంగురుగా మోగింది, అంటే వదులుగా ఉంది. వెనక చక్రంలో చైన్ వైపు స్పోకులు ఎప్పుడూ ఎక్కువ బిగువుగా ఉంటాయి కాబట్టి ఆ వైపును ఈ వైపుతో పోల్చకండి.

ఇక గాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠం, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి, ట్యూబున్న 32 టైరులో, గతుకుల రోడ్డుకు ముందు 50, వెనక 55 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. 28 అయితే 65, 70 దగ్గర. 35 అయితే 42, 46. ఒంటి బరువు పది కిలోలు పెరిగితే నాలుగైదు కలపండి, తగ్గితే తీసేయండి. వెనక ఎక్కువెందుకంటే బరువు అటే ఎక్కువ పడుతుంది.

ఆ తర్వాత రోడ్డే చెబుతుంది. గుంతలో పడ్డప్పుడు టప్పుమని రిమ్ము తగిలిన చప్పుడు వస్తే 3 పెంచండి. ట్యూబులో పాము కాటు వేసినట్టు పక్కపక్కన రెండు చిల్లులు పడితే దాని కారణం కూడా ఇదే. అరగంటకే అరచేతులు తిమ్మిరెక్కితే ముందు టైరులో 3 తగ్గించి చూడండి. బొటనవేలితో నొక్కి చూస్తే 50కీ 70కీ తేడా తెలియదు, గేజీ ఉన్న ఫ్లోర్ పంపు కొనాల్సిందే. ఈ టైర్లకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది, పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి సీటు కింద సంచిలో వేసుకోండి.

రోడ్డు అంచున సర్కారు తుమ్మ ముళ్ళు, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి తీగముక్కలు మనకున్న పెద్ద బెడద. పంక్చర్ కాకుండా మందపాటి పట్టీ వేసిన టైర్లు ఉన్నాయి గానీ అవి బిర్రుగా ఉండి హాయిని, వేగాన్ని రెండింటినీ తినేస్తాయి. రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేవైతే అటే వెళ్ళండి. 32 టైరుకు 40 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లు పూడ్చే ద్రవం, పోస్తే ముల్లు తీసి చక్రం తిప్పగానే చిల్లు పూడిపోతుంది. మన ఎండలకు అది త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి వాల్వు కోర్ (వాల్వు లోపలి చిన్న ముక్క) విప్పి తడి ఉందో లేదో చూడాలి. రిమ్ము హుక్‌లెస్ రకమైతే, అంటే టైరును పట్టుకునే కొక్కెం అంచు లేనిదైతే, 72 పీఎస్‌ఐ దాటకూడదు, దాటితే టైరు రిమ్ము మీంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. ఆ రిమ్ముకు పనికొస్తుందని కంపెనీ చెప్పిన టైరే వేయండి.

చివరగా టెస్ట్ రైడ్. షాపులో చాలాసార్లు టైర్లకు 90, 100 దాకా గాలి కొట్టి ఉంచుతారు. అలా నడిపితే ఎంత మంచి ఫ్రేమైనా రాయిలా అనిపిస్తుంది. పంపు అడిగి, పోల్చే సైకిళ్ళన్నిటిలో మీ బరువుకు తగ్గ గాలే పెట్టించండి. పక్క సందులో పాడైన రోడ్డు చూసుకుని పదిహేను నిమిషాలు తొక్కండి, చేతులు బ్రేకు హుడ్‌ల (బ్రేకు లీవర్ల పైనుండే రబ్బరు తొడుగుల) మీదే ఉంచండి. మోచేతులు కొంచెం కూడా వంచలేకపోతే, భుజాలు చెవుల దాకా లేస్తుంటే రీచ్ మీకు ఎక్కువైనట్టే. హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే స్టెమ్ 10 ఎంఎం పొట్టిది వేయించి మళ్ళీ తొక్కండి. అప్పటికీ అలాగే ఉంటే ఆ సైజు పక్కన పెట్టి, ఒక సైజు చిన్నది తెప్పించమనండి.