ఆర్స్క్ జిల్లాలో తగ్గింది తాతార్లా, లెక్కలా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(లైవ్‌లో మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేశాం. అందరూ ఒకేసారి అరిచిన చోట వినపడినంతవరకే ఉంది. పాల్గొన్నవాళ్లు: యాంకర్, రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, జనాభా లెక్కల మీద పనిచేసే మేడమ్, కజాన్‌లో ఎంబీబీఎస్ చదివొచ్చిన డాక్టర్, ఒక సీనియర్ జర్నలిస్ట్.)

యాంకర్: నమస్కారం. ఇవాళ కొంచెం దూరం వెళ్తున్నాం. మన పిల్లలు ఎంబీబీఎస్‌కి పోయే కజాన్ ఉంది కదా, 2024 అక్టోబర్‌లో బ్రిక్స్ మీటింగ్‌కి మోదీ గారు వెళ్లిన ఊరు, దానికి ఈశాన్యంగా అరవై డెబ్భై కిలోమీటర్లు పోతే ఆర్స్క్ జిల్లా. ఇదంతా రష్యాలో తాతార్‌స్తాన్ అనే రిపబ్లిక్, కజాన్ దాని రాజధాని; తాతార్లంటే సొంత భాష ఉన్న, ఎక్కువమంది ముస్లింలైన అక్కడి జనం. గొడవేంటంటే, 2010 లెక్కల్లో రష్యా మొత్తం మీద తాతార్లు 53 లక్షలు, 2021 లెక్కల్లో 47 లక్షలు. ఆరు లక్షల మంది ఏమయ్యారు? నూటికి తొంభై మందికి పైగా తాతార్లే ఉండే ఆర్స్క్ లాంటి జిల్లాలో ఏం జరుగుతోంది? నా ప్రశ్న సూటిగా అడుగుతున్నా, 2017లో స్కూళ్లలో తాతార్ భాష కంపల్సరీ కాదన్నారు, దానివల్లే కదా ఇదంతా? అవునా కాదా? మేడమ్ చెప్పండి.

మేడమ్: అవునా కాదా అంటే కుదరదండీ. ముందు ఆ ఆరు లక్షల సంగతి చూద్దాం. 2021 లెక్కల్లో రష్యాలో కోటీ 66 లక్షల మందికి జాతి ఏంటో రాయనే లేదు, 2010లో అలాంటివాళ్లు 56 లక్షలే. కోవిడ్ వల్ల లెక్కలు ఏడాది వెనక్కి జరిగాయి, కొంతమంది ఆన్‌లైన్‌లో నింపారు, కొన్ని చోట్ల మనిషి ఇంటికి రాకుండానే ఆఫీసు రికార్డుల నుంచి ఎక్కించుకున్నారు, ఆ రికార్డుల్లో జాతి ఉండదు. అలాంటప్పుడు మనుషులు పోయారా, కాలమ్ ఖాళీగా పోయిందా అనేది...

లెక్చరర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. యాంకర్ గారూ, మీరు 2017 అంటాండ్రు, మేడమ్ 2021 అంటాంది. కథ మొదలైంది 1552ల, అప్పుడు కజాన్ తాతార్ల రాజ్యానికి రాజధాని. ఆర్స్క్ ఎక్కడున్నది? కజాన్ వెనక సీమ. కజాన్ పట్నం ఏ నది ఒడ్డున ఉన్నది? కజాంకా. ఆ కజాంకా పుట్టేది ఎక్కడ? ఆర్స్క్ జిల్లాల. ఉత్తరాన మారీ ఎల్ రిపబ్లిక్, చుట్టూత బల్తాసీ, సాబీ, అత్న్యా జిల్లాలు, మొత్తం 1,840 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటది. రష్యా జార్ ఇవాన్ ది టెర్రిబుల్ కజాన్‌ని ముట్టడించినప్పుడు యపంచా అనే తాతార్ సర్దారు ఈ అడవులల్లకెల్లి వచ్చి రష్యన్ సైన్యం వీపు మీద కొట్టిండు. అందుకే 1552 సెప్టెంబర్‌ల ముందుగాల ఆర్స్క్ కోటని పట్టుకున్నరు, అక్టోబర్ 2కి కజాన్ పడింది. అటెన్క...

యాంకర్: సార్ 2017కి వద్దాం సార్.

లెక్చరర్: వస్తున్న గదా! అటెన్క తాతార్లని కోట లోపల ఉండనియ్యలే. మంచి భూములు, నది ఒడ్లు రష్యన్ దొరలకి, మఠాలకి ఇచ్చిండ్రు. ఈళ్లు లోపలి పల్లెలకు పోయిండ్రు, అవ్వే ఆర్స్క్ పల్లెలు. పట్నం పోయినా పల్లె మిగిలింది. తాతార్ చదువు, మదర్సాలు, ముల్లాలు, కవులు, అంతా పల్లెల నుంచే. 1740లల్ల ఏం చేసిండ్రో తెల్సా, కజాన్ జిల్లాల 536 మసీదులుంటే 418 కూలగొట్టిండ్రు. అయినా మిగిలిండ్రు. గట్ల మిగిలినోళ్లు స్కూల్ల పీరియడ్లు తగ్గిస్తే పోతరా?

జర్నలిస్ట్: మాస్టారూ, మీరు జార్ దగ్గరే ఆగిపోయారు. నన్ను కూడా కొంచెం...

యాంకర్: ఆగండి ఆగండి, డాక్టర్ గారు ఏదో చెప్పబోతున్నారు. మీరు ఆర్స్క్ వెళ్లారు కదా?

డాక్టర్: వెళ్లానండీ, మా క్లాస్‌మేట్ వాళ్లది ఆ పక్క పల్లెటూరు, కజాన్ నుంచి లోకల్ ట్రైన్‌లో వెళ్లాం. మనం రష్యా అంటే మంచు, పెద్ద పెద్ద బిల్డింగులు అనుకుంటాం, అక్కడ మాత్రం చిన్న చిన్న గుట్టలు, మధ్యలో వాగులు, రై, గోధుమ, బార్లీ చేలు, ఆవులు, చెక్క ఇళ్లకి ఆకుపచ్చా నీలం రంగు కిటికీలు, ప్రతి ఊళ్లో ఒక మసీదు. వాళ్ల నానమ్మ నాతో రష్యన్ కూడా తడుముకుంటూనే మాట్లాడింది, ఇంట్లో అంతా తాతారే. అదే ఫ్రెండ్ వాళ్ల అక్క పిల్లలు కజాన్‌లో ఉంటారు, వాళ్లకి నానమ్మ మాట అర్థమవుతుంది కానీ జవాబు రష్యన్‌లో చెప్తారు. అందుకని సార్ చెప్పిన పల్లె సంగతి నిజమే కానీ...

లెక్చరర్: చూసిండ్రా! అదే నేను చెప్తాంది.

డాక్టర్: కానీ సార్, పల్లెలో ఉన్నవాళ్లు పల్లెలోనే ఉండట్లేదు కదా.

యాంకర్: అంటే స్కూల్లో తాతార్ తీసేశారు కాబట్టే ఆ పిల్లలు రష్యన్‌లో జవాబు చెప్తున్నారు. అవునా?

డాక్టర్: వాళ్లు నాలుగైదేళ్ల పిల్లలండీ, ఇంకా స్కూలుకే వెళ్లట్లేదు.

(నవ్వులు)

జర్నలిస్ట్: నేను చెప్పొచ్చా ఇప్పుడు. మన చిన్నప్పుడు విజయవాడ విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొనుక్కున్న తరం మాది, నాకు ఈ ప్రాంతం మీద కొంచెం అభిమానం ఉంది, దాచుకోను. 1920 మే 27న తాతార్ స్వయంపాలిత రిపబ్లిక్ వచ్చింది, ఆర్స్క్ ఒక కాంటన్, అంటే అప్పటి జిల్లా లాంటిది, అయింది, 1930 ఆగస్టు 10న జిల్లా చేశారు. ఆర్స్క్‌లో టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, తాతార్ కవి తుకాయ్ పేరు మీద, దశాబ్దాలుగా పల్లె స్కూళ్లకి టీచర్లని తయారుచేసింది ఆ కాలేజే. రైతు బిడ్డ తన భాషలో చదువుకున్నాడంటే అది ఎవరి పుణ్యం?

లెక్చరర్: పుణ్యమా! లిపి ఎన్నిసార్లు మార్చిండ్రు? 1920ల చివరి దాకా అరబ్బీ లిపి, తర్వాత లాటిన్, 1939ల సిరిలిక్, అంటే రష్యన్ లిపి. పన్నెండేండ్లల్ల రెండు సార్లు! తాత రాసింది తండ్రి చదవలేడు, తండ్రి రాసింది కొడుకు చదవలేడు. గిదా పుణ్యం? 1921 కరువు సంగతి ఎవరు చెప్తరు? వోల్గా పక్క పల్లెలన్నీ...

జర్నలిస్ట్: కరువుకి సివిల్ వార్, అనావృష్టి కూడా కారణం, మీరు అన్నీ ఒక్కళ్ల మీదే...

లెక్చరర్: ధాన్యం గుంజుకపోయింది ఎవలు? వానా?

(ఇద్దరూ ఒకేసారి. అర నిమిషం ఏమీ వినపడలేదు.)

మేడమ్: లిపి విషయంలో ఒక్క మాట. 1999లో తాతార్‌స్తాన్ మళ్లీ లాటిన్‌కి వెళ్దామని చట్టం చేసుకుంది. 2002లో మాస్కో అన్ని రిపబ్లిక్కుల అధికార భాషలకీ సిరిలిక్కే ఉండాలని రూల్ తెచ్చింది, 2004లో రాజ్యాంగ కోర్టు దాన్ని నిలబెట్టింది. అంటే 2017 ఒక్కసారిగా ఊడిపడలేదు...

యాంకర్: అదీ! 2017! మేడమ్ కూడా 2017కి వచ్చారు. చూస్తున్నవాళ్లకి గుర్తుచేస్తా, ఆ ఏడాది జూలైలో మారీ ఎల్ రాజధాని యోష్కర్ ఓలాలో పుతిన్ ఏమన్నారంటే, తన మాతృభాష కాని భాషని ఎవరిచేతా బలవంతంగా నేర్పించకూడదు అని. నవంబర్‌లో తాతార్‌స్తాన్ అసెంబ్లీ ఒప్పుకుంది, ఇక వారానికి రెండు గంటలు, అదీ తల్లిదండ్రులు రాసిస్తేనే. అంతకుముందు వారానికి ఐదారు గంటలు అందరికీ కంపల్సరీ. సో?

మేడమ్: సో, 2021లో పెద్దవాళ్లు ఫారం నింపారు, 2017లో ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు కాదు. భాష వచ్చని చెప్పినవాళ్లు రష్యాలో 42 లక్షల 80 వేల నుంచి 32 లక్షల 60 వేలకి పడిపోయారు, అది నిజంగానే ఆలోచించాల్సిన అంకె. కానీ నాలుగేళ్ల స్కూలు రూల్ పది లక్షల మందిని మింగేయదు కదండీ. పల్లె నుంచి కజాన్‌కి, కజాన్ నుంచి మాస్కోకి, అక్కడ పెళ్లి, అక్కడి పిల్లలు, ఇదంతా ముప్పై నలభై ఏళ్ల సంగతి. ఇంకోటి, స్కూలు చివర రాసే ఏకీకృత పరీక్ష రష్యన్‌లోనే ఉంటుంది. 2009 నుంచి అందరికీ అదే. యూనివర్సిటీలో సీటు దాంతోనే కాబట్టి తల్లిదండ్రులు ఏం చేస్తారు?

డాక్టర్: అదే మా ఫ్రెండ్ కూడా చెప్పింది, పదో తరగతిలో తాతార్ మీడియం నుంచి మారిపోయిందట.

యాంకర్: మన తెలుగు మీడియం కథే! సేమ్!

మేడమ్: సేమ్ కాదండీ, ప్లీజ్, అటు వెళ్తే గంట సరిపోదు. జిల్లా గురించే మాట్లాడదాం. ఆర్స్క్ జిల్లాలో యాభై వేలకి అటూ ఇటూ జనం, అందులో ఇరవై వేల దాకా ఆర్స్క్ పట్టణంలోనే, అది కూడా 2008లోనే టౌన్ అయింది. మిగతావాళ్లు వందకి పైగా చిన్న చిన్న పల్లెల్లో. పాత అంకె కొత్త అంకె పక్కపక్కన పెట్టి జనం పడిపోయారంటారు కానీ 1990లో ఇందులోంచే అత్న్యా జిల్లాని విడగొట్టారు. 1989 లెక్కల్లో ఉన్న ఆర్స్క్ వేరు, 2002 లెక్కల్లో ఉన్న ఆర్స్క్ వేరు. మన వరంగల్ జిల్లాని 2016లో ముక్కలు చేశాక, జనాభా తగ్గిపోయింది అన్నట్టే ఉంటుంది.

లెక్చరర్: మాది వరంగలే, నాకు చెప్తాంది మేడమ్. కానీ అత్న్యా పోతే పోయిందేంది? మర్జానీ పుట్టిన ఊరు పోయింది! 1818ల పుట్టిండు, తాతార్ల చరిత్ర రాసిన మొదటి పెద్ద పండితుడు, ఆయన ఊరు ఇప్పుడు అత్న్యాల పడ్డది. ఆర్స్క్‌కి కుర్సావీ అనే మత పండితుడు మిగిలిండు, ఎగువ కొర్సా ఊరాయన. మధ్య ఆసియాల ఉన్న బుఖారాకి పోయి అక్కడి పండితులతోనే వాదం పెట్టుకుంటే అక్కడి రాజు, అమీర్, మరణశిక్ష ఏసిండు, తప్పించుకొని వచ్చి, హజ్‌కి పోతా పోతా 1812ల ఇస్తాంబుల్‌ల చచ్చిపోయిండు. ఇక తుకాయ్...

యాంకర్: తుకాయ్ అంటే జాతీయ కవి. ఆయన కిర్లాయ్‌లో పుట్టారు కదా?

లెక్చరర్: కాదు! అందరూ గదే తప్పు చేస్తరు. పుట్టింది కుష్లావుచ్‌ల, 1886 ఏప్రిల్ 26. తండ్రి పసిగుడ్డప్పుడే పోయిండు, తల్లీ పోయింది, పిల్లగాన్ని కజాన్ గడ్డి మార్కెట్ల ఎవరికన్నా కావాల్నా అని ఇచ్చేసిండ్రు. ఆఖరికి కిర్లాయ్‌ల ఒక రైతు ఇంట్ల రెండు మూడేండ్లున్నడు. అడవి దయ్యం షురాలే పద్యం రాసింది ఆ కిర్లాయ్ అడవి మీదనే. రెండు ఊర్లూ ఆర్స్క్ జిల్లానే. ఇరవై ఆరేండ్లకే పోయిండు.

డాక్టర్: కిర్లాయ్ మ్యూజియం చూశానండీ, షురాలే బొమ్మ దగ్గర ఫోటో కూడా దిగాం.

యాంకర్: దయ్యం అంటే, మన కొరివి దయ్యం లాగానా?

డాక్టర్: ఒక కొమ్ము, పొడుగు వేళ్లు, దొరికినవాళ్లని చక్కిలిగింతలు పెట్టి చంపుతుంది. ఒక కుర్రాడు దాని వేళ్లు దుంగలో ఇరికించి పారిపోతాడు.

యాంకర్: అబ్బ, భలే ఉంది. దీని మీద సెపరేట్ ఎపిసోడ్ చేద్దాం.

జర్నలిస్ట్: ఆ మ్యూజియం కట్టింది సోవియట్ కాలంలోనే, అది కూడా చెప్పండి.

లెక్చరర్: కవి పోయినంక మ్యూజియం కట్టుడు అల్కగనే ఉంటది!

మేడమ్: నేను జాతి కాలమ్ సంగతి సగంలో వదిలేశాను. లెక్కల్లో ఎవర్ని తాతార్‌గా రాయాలనేది కూడా ఎప్పుడూ గొడవే. క్రియాషెన్లు అని ఉన్నారు, తాతార్ మాట్లాడే క్రైస్తవులు. 2002లో వాళ్లని విడిగా లెక్కేస్తే 24 వేల 668 మంది, 2010లో 34 వేల 822. తాతార్లని ముక్కలు చేయడానికే ఇది అని కజాన్‌లో కొందరు, మేం వేరే జనం అని వాళ్లలో కొందరు. పక్క రిపబ్లిక్ బష్కోర్తోస్తాన్‌లో అయితే ఒకే ఊరివాళ్లు ఒక లెక్కల్లో తాతార్లు, ఇంకో లెక్కల్లో బష్కీర్లు...

యాంకర్: మతం యాంగిల్ కూడా ఉందన్నమాట!

మేడమ్: నేను చెప్పింది మతం యాంగిల్ కాదు, ఫారం ఎవరు ఎలా నింపుతారు అనే...

లెక్చరర్: ఫారం, ఫారం! మేడమ్, జనం ఫారంలల్ల ఉండరు. ఆర్స్క్‌ల చెప్పుల ఫ్యాక్టరీ ఉన్నది, తెల్సా, తోలు ముక్కలు రంగురంగులయి కలిపి కుట్టే ఇచిగీ బూట్లు, ప్రపంచంల అట్లాంటి కుట్టు పని తాతార్లదే. జూన్‌ల నాట్లయినంక సబంతుయ్ పండుగ, కుస్తీ గెలిచినోనికి పొట్టేలు. ఇది నడిచినన్ని రోజులు...

మేడమ్: పొట్టేలు గెలిచిన కుర్రాడు సోమవారం కజాన్‌లో డ్యూటీకి వెళ్లిపోతాడు సార్, నేను చెప్పేది అదే! పిల్లలు చాలక ఊరి స్కూలు మూసేస్తే ఆ ఊరివాళ్లు...

లెక్చరర్: స్కూలు లేని కాలంల కూడా ఉన్నరు! నాలుగు వందల డెబ్భై ఏండ్లయింది!

జర్నలిస్ట్: మాస్టారు నాలుగు వందల డెబ్భై ఏళ్లూ ఇవాళే చెప్పేలా ఉన్నారు.

యాంకర్: సార్ చెప్పింది పవర్‌ఫుల్‌గా ఉంది, ఒప్పుకోవాలి. అంటే 1552 నుంచి నిలబడ్డ జనాన్ని 2017 దెబ్బ కొట్టింది, ఇదే కదా సార్ మీ పాయింట్?

లెక్చరర్: నేనట్ల అనలే. దెబ్బ కొట్టలే అన్న.

యాంకర్: అదే, దెబ్బ కొట్టడానికి చూసింది.

మేడమ్: రెండూ ఒకటి కాదండీ అవి! పరీక్ష భాష, ఉద్యోగాలు, పల్లె స్కూళ్లు, ఈ మూడింటి గురించి ఒక్కసారి కూడా...

యాంకర్: మేడమ్ టైమ్ లేదు, పది సెకన్లలో చెప్పండి.

మేడమ్: పది సెకన్లలో జనాభా ఎలా చెప్తారండీ?

డాక్టర్: ఎంబీబీఎస్‌కి వెళ్లే పిల్లలకి ఒక్కటి చెప్తా, రష్యన్‌తో పాటు నాలుగు తాతార్ ముక్కలు కూడా నేర్చుకుని వెళ్లండి, పల్లె పేషెంట్లు చాలా సంతోషిస్తారు.

లెక్చరర్: మంచి మాట చెప్పినవ్ బిడ్డా. ఇంక కజాన్ కంటే ముందు వోల్గా పక్క ఉన్న బుల్గార్ రాజ్యం సంగతి నేను చెప్పనేలే, 922ల...

యాంకర్: సార్, 922 బ్రేక్ తర్వాత! ఎక్కడికీ వెళ్లకండి.