సౌలును వెతుక్కుంటూ తార్సుకు వెళ్లినవాడు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తొలినాటి క్రైస్తవ సువార్తికుడు ఎవరని అడిగితే అందరి నోటా వచ్చే పేరు పౌలు. అందులో తప్పు లేదు. అయినా ఈ రోజు నేను బర్నబా గురించి మాట్లాడతాను. ఆయన లేకపోతే పౌలుకు ఆ దారి దొరికేదే కాదని నా గట్టి నమ్మకం.

బర్నబా కుప్ర ద్వీపానికి, అంటే నేటి సైప్రస్‌కు చెందిన లేవీయుడు, యూదుల్లో ఆలయ సేవ చేసే గోత్రంవాడు. అసలు పేరు యోసేపు. తన పొలం అమ్మి ఆ సొమ్మును యేసు ముఖ్య శిష్యులైన అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. అంతకన్నా పెద్ద సాహసం తర్వాత చేశాడు. విశ్వాసులను ఇళ్లలోంచి ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించిన సౌలు, అంటే తర్వాత పౌలుగా పేరుపొందినవాడే, తాను మారానంటూ యెరూషలేముకు వచ్చినప్పుడు ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? యేసును నమ్మిన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినప్పుడు అతను అక్కడే నిలబడి ఉన్నాడు. అలాంటివాణ్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి వెళ్లి, అతని తరఫున మాట్లాడినవాడు బర్నబా.

ప్రాణాపాయం రావడంతో సౌలును అతని సొంత ఊరు తార్సుకు పంపేశారు. కొన్నేళ్లపాటు అతని ఊసు వినిపించదు. ఈలోగా సిరియాలోని అంతియొకయ మహానగరంలో యూదులు కానివారు కూడా యేసును నమ్మసాగారు. సంగతేమిటో చూడమని యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. అలా పంపినవాడు తప్పులు వెతకడం మనకు తెలిసిన లోకరీతి. ఈయన చూసి సంతోషించాడు. తర్వాత తార్సు దాకా వెళ్లి, సౌలును వెతికి పట్టుకుని తీసుకొచ్చాడు. ఇద్దరూ ఏడాదిపాటు అక్కడ బోధించారు. శిష్యులను మొట్టమొదట క్రైస్తవులని పిలిచింది ఆ నగరంలోనే.

అక్కడి నుంచే ఇద్దరూ కుప్రకు, ఆపైన నేటి టర్కీ ప్రాంతానికి బయలుదేరారు. ఈ కథ చెప్పే బైబిలు గ్రంథం అపొస్తలుల కార్యములు చదివేటప్పుడు ఒకటి గమనించండి. బయలుదేరేటప్పుడు బర్నబా పేరు ముందుంటుంది. కుప్రలోని పాఫు పట్టణం దాటాక ఎక్కువగా పౌలు పేరే ముందుకొస్తుంది. తాను చేరదీసినవాడు తనను మించి ఎదుగుతుంటే బర్నబా నొచ్చుకున్నట్టు ఒక్క మాటా లేదు. లుస్త్ర అనే పట్టణంలో జనం వీళ్లను దేవతలనుకుని ఎడ్లను, పూదండలను తెచ్చారు. బర్నబాను గ్రీకు దేవతల రాజు ద్యుపతి, అంటే జ్యూస్ అన్నారు, మాటకారి పౌలును దేవతల దూత హెర్మే అన్నారు. ఇద్దరూ బట్టలు చింపుకుని, తామూ మామూలు మనుషులమేనని కేకలు వేస్తూ గుంపులోకి దూకారు.

క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్ద వాదం జరిగింది. యూదేతరులు సున్నతి చేయించుకోవాలా, వద్దా? ఈ ప్రయాణంలో కళ్లారా చూసినదాన్ని ఇద్దరూ సభ ముందు చెప్పారు. సున్నతి భారం వారిపై మోపకూడదని పెద్దలు తేల్చారు. ఈ తీర్పుతోనే కొత్త విశ్వాసం అన్ని జాతులకూ తలుపు తీసింది.

బర్నబాలో లోపం లేదని నేను అనను. అంతియొకయలో కొందరికి జంకి, యూదేతరులతో కలిసి భోజనం చేయడం మానినవారిలో ఆయనా ఉన్నాడని గలతీయులకు రాసిన లేఖలో పౌలు బాధపడ్డాడు. తర్వాత మార్కు విషయంలో ఇద్దరికీ తీవ్రమైన తగువు వచ్చింది. మొదటి ప్రయాణంలో మధ్యలోనే వెనుదిరిగిన ఆ యువకుణ్ని మళ్లీ తీసుకెళ్లడానికి పౌలు ససేమిరా అన్నాడు. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. అపొస్తలుల కార్యములలో ఆయన ప్రస్తావన అంతటితో ఆగిపోతుంది.

మార్కు కథ మాత్రం ఆగలేదు. అతను వస్తే చేర్చుకోండని కొలొస్సయులకు రాసిన లేఖలో పౌలు పేరుతోనే ఉంది. అక్కడ అతన్ని పరిచయం చేసింది కూడా బర్నబా బంధువుగానే.