ఓరగా చూసే పిల్లని కొట్టకండి

హెడ్మాస్టర్ గారికి, సార్లకీ మేడమ్‌లకీ, వెనక బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులకీ నమస్కారం. శాలువా అదీ తర్వాత చూద్దాం, నాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు, అవన్నీ నాకు కావాలి. ఇవాళ అక్టోబరు రెండో గురువారం, ప్రపంచ దృష్టి దినం, కాబట్టి కళ్ళ జాగ్రత్తల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్తాను. కానీ దానికంటే ముందు ఈ స్కూల్లోనే, ఆ వేపచెట్టు పక్క గదిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

అప్పుడు నేను ఆరో తరగతి. తెలుగు పీరియడ్‌లో లేచి పాఠం చదవమన్నారు. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుని, తల ఎడమపక్కకి వంచి, ఓరగా చూస్తూ మొదలుపెట్టాను. నిజానికి చదవడం లేదు, ముందురోజు పక్కనమ్మాయి చదువుతుంటే విని బట్టీపట్టింది అప్పజెప్తున్నాను. సారుకి అనుమానం వచ్చింది, నాలుగు పేజీలు తిప్పి ఇది చదువు అన్నారు. ఇంకాస్త పక్కకి వంగి అక్షరాల కోసం వెతుక్కుంటున్నాను. "ఏంటా ఓరచూపులు, సూటిగా చూడు" అని చెంప మీద ఒక్కటిచ్చారు. సూటిగా చూశాను. సూటిగా చూస్తే అక్కడ అక్షరాలు లేవు. తుడిచిన బ్లాక్‌బోర్డు మీద మిగిలిన సుద్దమరక లాంటిదేదో ఉంది, అంతే.

ఆయన పేరు చెప్పను. చెడ్డవారు కాదు, ఆయనకి తెలియదు. కానీ ఆ రోజు నుంచి మూడేళ్ళు ఈ స్కూల్లో నా పేరు నాటకాలది. ఎందుకంటే అదే పిల్ల సాయంత్రం గ్రౌండ్‌లో ఖోఖో ఆడుతుంది, ఎవరికీ తగలకుండా పరిగెడుతుంది, గడప దగ్గర పడిపోయిన పిన్నీసు ఏరి ఇస్తుంది. పిన్నీసు కనిపించిన దానికి అక్షరం కనిపించదా అని అడిగేవాళ్ళు. నేనేం చెప్తాను, నాకే అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు చెప్తాను వినండి. కంటి వెనక వెలుతురుని పట్టే పొర, రెటీనా, ఉంటుంది, దాని నడిమధ్యన చిన్న చోటు, దాన్ని మాక్యులా అంటారు. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనిషి మొహం గుర్తుపట్టడం అన్నీ ఆ చిన్న చోటు చేసే పని. నాకున్న స్టార్‌గార్ట్ జబ్బులో పాడయ్యేది ముందుగా అదే. చుట్టూ ఉన్న చూపు చాలామందికి నిలబడుతుంది, అందుకే దేనికీ గుద్దుకోకుండా నడుస్తాం, అందుకే ఎవరూ నమ్మరు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు అద్దం మధ్యలో రూపాయి బిళ్ళంత కాగితం అంటించుకుని చూడండి. కానీ మీరు కన్ను పక్కకి తిప్పితే కాగితం చాటు తప్పుతుంది. నా కాగితం నా కన్నుతోపాటే తిరుగుతుంది. మీ మొహం చూడాలంటే నేను మీ నెత్తి మీదకి చూడాలి. ఓరగా చూడటం పొగరు కాదండీ, అది మిగిలిన మంచి చోటుతో చూసుకోవడం. ఈ మధ్య ఆసుపత్రుల్లో అలా చూడటం పనిగట్టుకుని నేర్పిస్తున్నారు కూడా. నేను పదకొండేళ్ళకే నాకు నేనుగా నేర్చుకుంటే, దానికి చెంపదెబ్బ వచ్చింది.

కళ్ళజోళ్ళు మూడు మార్చారు. ఒక్కటీ పనిచేయలేదు, పనిచేయదు కూడా, ఎందుకంటే తప్పు కంటి ముందు భాగంలో లేదు. మొదట్లో కంటి లోపల మామూలుగా చూస్తే డాక్టరుకి సైతం ఏమీ కనిపించకపోవచ్చు. రెటీనా పొరల్ని విడివిడిగా చూపించే ఓసీటీ స్కాన్, అందులో పేరుకున్నది మెరిసేలా చూపించే ఆటోఫ్లోరసెన్స్ ఫోటో తీస్తే బయటపడుతుంది. అంచేత "డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయన్నాడు" అని ఊరుకోకండి, దయచేసి. పాప బోర్డు దగ్గరికి పోయి చూస్తుంటే, కళ్ళజోడు పెట్టినా మార్పు లేకపోతే, రెటీనా డాక్టరుకి చూపించండి.

మా అమ్మకి నాన్న సొంత మేనమామ. ఈ జబ్బు రావాలంటే అమ్మ దగ్గర నుంచి ఒకటి, నాన్న దగ్గర నుంచి ఒకటి, పాడైన జన్యువులు రెండూ పిల్లకి చేరాలి. ఆ జన్యువు పేరు ఏబీసీఏ4, 1997లో కనిపెట్టారు. జబ్బుని జర్మన్ కంటి డాక్టరు స్టార్‌గార్ట్ 1909లోనే రాశారు. తల్లిదండ్రులిద్దరికీ ఒక్కోటి ఉంటే వాళ్ళకేమీ కాదు, ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరిదీ ఒకటే రక్తం కాబట్టి ఆ రెండూ కలిసే వీలు ఎక్కువ. బయటి సంబంధాల్లో రాదని కాదు, ఎనిమిది పదివేల మందిలో ఒకరికి వస్తుంది. మరి మా ఇంట్లో ఏమన్నారు? కడుపుతో ఉండగా గ్రహణం చూసిందని మా అమ్మని అన్నారు. ఇరవై ఏళ్ళు అన్నారు. నాన్నని ఒక్క మాట అనలేదు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి ఇద్దరిదీ చెరి సగం అని చెప్పినప్పుడు, రాత్రి రైల్లో తిరిగొస్తూ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి, అందరూ ఉండగా, "ఇకమీదట దాన్ని ఎవరైనా అంటే నన్ను అన్నట్టే" అన్నాడు. ఆ మర్నాటి నుంచి పోయేదాకా రోజూ సాయంత్రం పేపరు నాకు పైకి చదివి వినిపించాడు. చదివింది అయిదో తరగతే. నెమ్మదిగా, కూడబలుక్కుని చదివేవాడు.

ఎక్కడికో వెళ్ళిపోయాను, క్షమించండి. విటమిన్ ఎ సంగతి చెప్పాలి, ఇది మాత్రం తప్పకుండా రాసుకోండి. కళ్ళు అనగానే మనవాళ్ళు విటమిన్ ఎ మాత్రలు, చేప కాలేయం నూనె గొట్టాలు తెస్తారు. నాకూ రెండేళ్ళు వేశారు, ప్రేమతోనే వేశారు. స్టార్‌గార్ట్‌లో అది చేటు. వెలుతురుని చూడటానికి కన్ను విటమిన్ ఎ వాడుకుంటుంది, వాడుకున్నాక మిగిలేదాన్ని సర్దే ప్రొటీన్ మాకు సరిగా పనిచేయదు, ఆ చెత్త రెటీనా వెనక పొరలో పేరుకుని అక్కడి కణాల్ని చంపుతుంది. అదనంగా వేస్తే చెత్త పెరుగుతుంది. ఆకుకూరలు, క్యారెట్, ఇంట్లో వండిన తిండి మామూలుగా తినొచ్చు, మాత్రలు, నూనెలే వద్దు. అలాగని అంగన్‌వాడీలో చిన్నపిల్లలకి పోసే విటమిన్ ఎ మందు మాన్పించకండి, అది అందరికీ అవసరం. నేను చెప్పేది ఈ జబ్బు ఉందని తేలిన పిల్లల గురించి.

మందు ఉందా అని తల్లులు అడుగుతారు. చూపు తిరిగి తెచ్చే మందు లేదు. పరిశోధనలు గట్టిగా జరుగుతున్నాయి. 2017లో అమెరికాలో ఒక కంటి జన్యుచికిత్సకి అనుమతి ఇచ్చారు కానీ అది ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువుకి. మా జన్యువు బాగా పెద్దది, జన్యువుని కంట్లోకి మోసుకెళ్ళడానికి మామూలుగా వాడే వైరస్‌లో ఇమడదు, అందుకే ఆలస్యం. ఏ జబ్బో తేలకుండా లక్షలు అడిగేవాళ్ళ దగ్గరికి పరిగెత్తకండి, ముందు జన్యుపరీక్ష చేయించండి.

చేయగలిగింది చాలా ఉంది, అదీ మీ చేతుల్లోనే. ఎండ మాకు పడదు, నల్ల కళ్ళద్దాలు, టోపీ పెట్టుకోనివ్వండి, యూనిఫాం రూలని తీయించకండి. ఎండలోంచి గదిలోకి వస్తే చూపు కుదురుకోవడానికి టైము పడుతుంది, వెంటనే లేపి ప్రశ్న అడగకండి. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి. ఫోన్‌లో బోర్డు ఫోటో తీసి పెద్దది చేసుకోనివ్వండి. తెర మీది అక్షరాల్ని పైకి చదివే టాక్‌బ్యాక్ దాదాపు ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉంది, కంప్యూటర్‌కి అదే పని చేసే ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ చదువుతుంది. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో లో విజన్, అంటే కళ్ళజోడుతో సరికాని తక్కువ చూపు, దానికి విభాగం ఉంది, ఏ భూతద్దం ఎవరికి పనికొస్తుందో చూసి చెప్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో లో విజన్ కూడా ఉంది, వైకల్యం నలభై శాతం, ఆపైన అని సర్టిఫికెట్ వస్తే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట ఇవ్వాలి, రాసిపెట్టడానికి సహాయకుణ్ణి అడగొచ్చు. నేను డిగ్రీ పరీక్ష రాస్తుంటే ఇన్విజిలేటర్ వచ్చి "నువ్వే నడుచుకుంటూ వచ్చావుగా, నీకెందుకమ్మా మనిషి" అన్నారు. ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను, నా పిల్లలు బోర్డు దగ్గరికి లేచి వస్తే కూర్చో అనను.

టైము అయిపోయిందని హెడ్మాస్టర్ గారు చూస్తున్నట్టున్నారు, మొహం కనిపించదు కానీ కదలిక తెలుస్తోంది. ఒక్క నిమిషం సార్. మీరు నన్ను పిలవడానికి ఫోన్ చేసినప్పుడు, మాటల్లో మాటగా ఒకటన్నారు, ఏడో తరగతిలో ఒక పాప ఉంది, పుస్తకం మొహానికి ఆనించుకుని ఓరగా చూస్తుంది, ఎంత చెప్పినా మానదు అని. నేను వచ్చింది అందుకే. పేరు ఇక్కడ వద్దు. భోజనాల బెల్లు కొట్టాక ఆ పాపని ఆ వేపచెట్టు పక్క గదిలో నా దగ్గర కాసేపు కూర్చోనివ్వండి, వాళ్ళమ్మ గారికి ఎవరైనా కబురు పెట్టండి. సాయంత్రం బస్సు దాకా నేను ఇక్కడే ఉంటాను.