తుమ్ముల సీజన్ వచ్చిందా? ముక్కు స్ప్రే ఇలా కొట్టండి

హాయ్ అండీ, నమస్తే. వరసపెట్టి తుమ్ములు, ముక్కులోంచి నీళ్లు, కళ్లు నలుపుకుంటూనే ఉండటం... ఏటా అవే నెలల్లో వస్తోందా? వారం పది రోజులైనా తగ్గట్లేదా? అయితే అది జలుబు కాకపోవచ్చు. హే ఫీవర్. పేరుకే ఫీవర్, జ్వరం రాదు. గాల్లో ఎగిరే పుప్పొడిని మన ఒళ్లు శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతుంది, తుమ్ములు, దురద దాని వల్లే. ఇదిగో, బొమ్మలో ఈ చుక్కలు, హిస్టమినే.

1819లో జాన్ బోస్టాక్ అనే డాక్టరు తన బాధనే కేసుగా రాసుకుని, ఎండ వేడి వల్ల అనుకున్నాడు. పుప్పొడే కారణమని 1873లో చార్లెస్ బ్లాక్లీ చూపించాడు, అదీ తన మీదే ప్రయోగాలు చేసుకుని!

సరే, పనిలోకి వద్దాం. బయటినుంచి రాగానే బట్టలు మార్చి, తలస్నానం. పుప్పొడి ఎక్కువున్న రోజు కిటికీలు మూసెయ్యండి. అలర్జీ మాత్రలంటే, సెట్రిజిన్‌తో కొందరికి మత్తు వస్తుంది. ఫెక్సోఫెనడిన్‌తో తక్కువ, కాకపోతే పళ్లరసంతో వేసుకోకండి, సరిగ్గా ఒంటబట్టదు. నీళ్లతో వేసుకోండి.

ఇప్పుడు స్టెరాయిడ్ స్ప్రే, అంటే ముక్కులోపలి వాపు తగ్గించే మందు. ఇక్కడే నేను బోల్తాపడ్డాను. తల వెనక్కి వాల్చి, గట్టిగా ఎగపీల్చేదాన్ని. మందంతా గొంతులోకి! చేదు. పైగా టిష్యూ మీద చిన్న ఎర్ర చుక్క. ఎందుకంటే ముక్కు మధ్య గోడకే కొడుతున్నాను.

చూడండి, మళ్లీ చూపిస్తా. సీసా కుదపండి. కొత్తదైతే తుంపర సన్నగా వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. తల కొంచెం ముందుకి. ముందుకే, వెనక్కి కాదు. కుడి చేత్తో ఎడమ ముక్కు, ఎడమ చేత్తో కుడి ముక్కు. చేతులు మారిస్తే మొన దానంతటదే బయటివైపు, అదే, కంటి చివర వైపు తిరుగుతుంది. నొక్కండి, మెల్లగా పీల్చండి. పువ్వు వాసన చూసినట్టు, అంతే.

రెండ్రోజులు కొట్టి పనిచెయ్యట్లేదని పక్కన పడేస్తారు. మందు పూర్తిగా పనిచెయ్యడానికి వారం రెండు వారాలు కావచ్చు. అందుకే నేను సీజన్‌కి ముందే మొదలుపెడతా, సీసా టూత్‌బ్రష్ పక్కనే పెట్టుకుంటా.

ముక్కు దిబ్బడకి వెంటనే తెరిచేసే స్ప్రేలు వేరు, ఆక్సీమెటజోలిన్ లాంటివి. అవి మూడు రోజులు దాటితే తిరగబెట్టి ఇంకా బిగిసిపోవచ్చు, రెండూ ఒకటే అనుకోకండి. ఆయాసం, ఛాతీలో పిల్లికూతలు ఉంటే మాత్రం వీడియో ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆఁ, మర్చిపోయా, మొన తుడిచి మూతపెట్టండి. నాది ఒకసారి గడ్డకట్టి మూసుకుపోయింది.