వాకిట్లో వేపచెట్టు, చేతిలో బొమ్మల పుస్తకం

శ్రోతలకు నమస్కారం.

2021 వానాకాలం వెళ్తూ వెళ్తూ వేపచెట్లను ఎండబెట్టి పోయింది. మీకూ గుర్తుండే ఉంటుంది. వరంగల్ పక్కన మా పల్లెలో, ఇంకా తెలంగాణలో చాలాచోట్ల, కొమ్మల చివర మొదలై ఆకు మాడిపోయింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే తెగులని శాస్త్రవేత్తలు చెప్పారు. మా వాకిట్లో చెట్టు మంట తగిలినట్టు నిలబడింది. దసరా సెలవులకు వచ్చిన మనవరాలు దాన్ని చూసి, "అమ్మమ్మా, ఇది చచ్చిపోతుందా?" అంది. ఏం చెప్పను? "దీని బొమ్మల పుస్తకం చేద్దాం పద" అన్నాను.

అచ్చు బొమ్మల పుస్తకాలకు మామూలుగా 32 పుటలుంటాయి. పెద్ద కాగితం మడిచి కోస్తే 16 చొప్పున పుటలొస్తాయి, అందుకని ఆ లెక్క. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు తెలుగులో చక్కటివి తెస్తున్నాయి, మనవరాలికి కొనిస్తుంటాను. కానీ మా వాకిలి చెట్టు వాటిలో ఉండదు కదా! నాలుగు డ్రాయింగ్ షీట్లు మధ్యకు మడిచి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టాం. 16 పుటలు.

కథన్నాక ఎవరో ఒకరు ఎటో పోవాలి. చెట్టు ఎటు పోతుంది? దారి పిల్లే చెప్పింది: "చెట్టు అన్నిట్లో ఒక్కచోటే ఉండనీ అమ్మమ్మా, కింద మనుషులు మారతారు." అట్టముక్కను మాను ఆకారంలో కత్తిరించి, ప్రతి పుటలో అదే చోట పెట్టి చుట్టూ గీసింది.

నేను చెప్తుంటే తను వేసింది. నులక మంచం మీద మా నాయన, నోట్లో వేపపుల్ల. తమ్ముడికి అమ్మవారు పోసినప్పుడు వాడి పక్క చుట్టూ వేపమండలు. అక్క పెళ్లి పందిరి తాడు ఈ కొమ్మకే కట్టారు. మీ ఇంట్లో జామో కొబ్బరో ఉంటే పెద్దవాళ్లుండగానే దాని బొమ్మలు వేయించండి, ఏ కొమ్మకు ఏ తాడు కట్టారో వాళ్లకే తెలుసు.

ఉగాది ముందు మా అమ్మ పాత చీర పరిచి, రాలిన పూత చాటలో చెరిగేది. ఆ పుటకు మాటలు రాయబోతే పిల్ల ఆపింది. "చెరుగుతోందని రాయొద్దు, బొమ్మలో కనిపిస్తోందిగా." నిజమే. వాసన కనిపించదు. "ఇల్లంతా తేనె వాసన" అని రాశాం.

తర్వాతి పుటలో మా అమ్మ లేదు. చాట మానుకు ఆనించి ఉంది. అలా వేయమని నేను చెప్పలేదు. ఆ పుట తిప్పడానికి చాలాసేపు పట్టింది నాకు.

పద్నాలుగో పుటలో ఎండిన చెట్టు. గోధుమరంగు పెన్సిల్ అక్కడికి అరిగిపోయింది. మిగిలిన రెండూ ఖాళీగా ఉంచమన్నాను.

శివరాత్రి దాటాక మానుకు దగ్గరగా ఎర్రటి చిగురు కనిపించింది. ఆ ఉగాది పచ్చడిలోకి గుప్పెడు పూతే దొరికింది. అందులో ఒక రెమ్మ ఫోనులో చూపించాను. "పదిహేనో పుటలో అతికించు అమ్మమ్మా" అంది. అతికించాను. పదహారోది తను వచ్చి వేస్తుందట.