జైలు లేని కోర్టులు

నమస్కారం. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం అంటే చాలామందికి బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటు, డబ్లిన్ పోస్టాఫీసు, తర్వాత తుపాకులకి బలైన నాయకులు గుర్తొస్తారు. లేదంటే మైకేల్ కాలిన్స్, ఆయన గెరిల్లా యుద్ధం. అవన్నీ చెప్పుకోవాల్సినవే. కానీ ఇవాళ నేను ఆ పోరాటంలో ఐరిష్ వాళ్లు బ్రిటిష్ కోర్టులకి పోటీగా పెట్టుకున్న సొంత కోర్టుల గురించి మాట్లాడతాను. ఆ పోరాటంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

ముందు రెండు ముక్కల్లో సంగతి చెప్తాను. 1918 డిసెంబర్ ఎన్నికల్లో ఐర్లండ్‌కున్న 105 సీట్లలో 73 స్వాతంత్ర్యం కోరే షిన్ ఫేన్ పార్టీకి వచ్చాయి. గెలిచినవాళ్లు లండన్ పార్లమెంటు గడప తొక్కలేదు. 1919 జనవరి 21న డబ్లిన్ మాన్షన్ హౌస్‌లో సమావేశమై, ఇదే మా పార్లమెంటు, దీని పేరు డాయిల్, మేం స్వతంత్రులం అని ప్రకటించారు. సభ్యుల్లో చాలామంది జైల్లో ఉండటంతో ఆ రోజు హాజరైంది 27 మందే. సరే, ప్రకటన అయితే చేశారు. మరి పల్లెటూళ్లో భూమి తగాదా వస్తే మనిషి ఎవరి గుమ్మం ఎక్కాలి? పాత కోర్టుదా, కొత్త కోర్టుదా? అసలు పరీక్ష అక్కడ మొదలైంది.

1920 వసంతకాలం నాటికి పడమటి ఐర్లండ్‌లో భూమి కోసం జనం రగిలిపోతున్నారు. ప్రపంచ యుద్ధం వల్ల అమెరికా వలసలు ఆగిపోయి, మామూలుగా అయితే ఓడ ఎక్కేసేవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. కుర్రాళ్ల చేతిలో సెంటు భూమి లేదు, కళ్లెదుట మాత్రం ఎకరాలకెకరాలు పశువుల మేతకి వదిలేసిన పొలాలు. రాత్రిపూట పశువుల్ని తోలేసేవాళ్లు, గోడలు పడగొట్టేవాళ్లు, భూమి ఆక్రమించుకునేవాళ్లు. ఇలాగే సాగితే స్వాతంత్ర్య పోరాటం కాస్తా ఊరూరా భూమి కొట్లాటగా మారిపోతుందని డాయిల్ నాయకులకి టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు మే 17న మేయో జిల్లాలోని బాలిన్‌రోబ్ అనే చిన్న పట్నంలో డాయిల్ తన భూమి కోర్టు పెట్టింది. జడ్జీలుగా కూర్చున్నవాళ్లు కెవిన్ ఓషీల్, ఆర్ట్ ఓకానర్. ఫౌంటెన్‌హిల్ అనే ఊరి చిన్న రైతులు ఒక వైపు, ఆ రైతులు తమకి కావాలంటున్న భూమి యజమానులు ఇంకో వైపు. ఇరుపక్షాల మాటా విన్నారు. ఊరివాళ్లు గెలుపు మాదే అనుకున్నారు, ఎందుకనుకోరు, వచ్చింది మన కోర్టు, కూర్చుంది మనవాళ్లు, పేదవాడి వైపు కాక ఇంకెవరి వైపు ఉంటారు? తీర్పు మాత్రం యజమానుల వైపు వచ్చింది.

ఊరివాళ్లు భగ్గుమన్నారు. తీర్పు ఒప్పుకోం, భూమి వదలం అన్నారు. ఇప్పుడు ఆ కోర్టు చేతిలో ఏముంది? పోలీసులు లేరు. జైలు లేదు. జీతమిచ్చి పెట్టుకున్న జవాను ఒక్కడూ లేడు. చివరికి వాలంటీర్లు, అంటే స్వాతంత్ర్య పోరాట దళంలో చేరిన, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పెరిగిన కుర్రాళ్లు, ఎదురు తిరిగినవాళ్లలో నలుగురిని పట్టుకెళ్లి కారిబ్ సరస్సు మధ్యలో ఉన్న ఒక దీవి మీద పెట్టారు. నీళ్లే గోడలు. కొన్నాళ్లకి వాళ్లు దారికొచ్చారు, తీర్పు అమలైంది. పేదవాళ్లు ఓడిపోయిన తీర్పు అది, వినడానికి నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆ రోజు మనవాళ్లు కదా అని మొహమాటపడి తీర్పు మార్చి ఉంటే ఆ కోర్టుకి మర్నాటి నుంచి ఎవరూ వచ్చేవాళ్లు కాదని నా నమ్మకం.

వచ్చారు. భూస్వాములు కూడా వచ్చారు! బ్రిటిష్ కోర్టులేమో తలుపులు తెరిచి కూర్చున్నాయి, లోపల కక్షిదారులే లేరు. అదే వేసవిలో పడమటి తీరంలో మరో దీవి మీద ఇలాగే ఖైదులో ఉన్నవాళ్లని విడిపించడానికి బ్రిటిష్ పోలీసులు పడవ వేసుకుని వెళ్తే, ఖైదీలే వాళ్ల మీద రాళ్లు రువ్వి, మేం ఐరిష్ రిపబ్లిక్ ఖైదీలం, మీతో మాకు పని లేదని వెనక్కి పంపేశారు. శిక్ష పడ్డవాళ్లండీ వాళ్లు!

ఈ కోర్టుల్లో ఆడవాళ్లు కూడా జడ్జీలుగా కూర్చున్నారు. 1916లో మరణశిక్ష పడిన టామ్ క్లార్క్ భార్య కాథ్లీన్ క్లార్క్ డబ్లిన్‌లో తీర్పులు చెప్పారు. మన వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా అదే డబ్లిన్‌లో లా చదివారు, ఈ కోర్టులు పుట్టకముందే ఇంటికి తిరిగి రావాల్సి వచ్చింది. ఆయన ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉండి ఇవన్నీ చూసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

1920 ఆగస్టులో కొత్త చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం విరుచుకుపడింది. కోర్టులు గడ్డివాములున్న కొట్టాల్లోకి, జనం ఇళ్లల్లోకి చేరాయి. కొన్నిచోట్ల ఆగిపోయాయి, కొన్నిచోట్ల గుట్టుగా నడిచాయి. 1921 జులై 11న కాల్పుల విరమణ వచ్చాక మళ్లీ బయటికొచ్చాయి.

ఇక మిగిలింది చెప్పడానికే బాధగా ఉంటుంది. బ్రిటన్‌తో ఒప్పందం కుదిరి కొత్త ఐరిష్ ప్రభుత్వం ఏర్పడింది, కానీ ఆ ఒప్పందం మీద సొంతవాళ్లే రెండుగా చీలి 1922లో అంతర్యుద్ధం మొదలైంది. ఒప్పందాన్ని వ్యతిరేకించి ఖైదులో ఉన్న జార్జ్ ప్లంకెట్‌ని ఏ చట్టం కింద పట్టుకున్నారో చెప్పండని డాయిల్ సుప్రీంకోర్టు జడ్జి డైర్మిడ్ క్రౌలీ కొత్త ఐరిష్ ప్రభుత్వాన్నే అడిగాడు. ప్రభుత్వం జవాబు చెప్పలేదు, ఆ కోర్టునే రద్దు చేసేసింది. తర్వాత ఆ జడ్జినీ అరెస్టు చేసింది. బ్రిటిష్ వాళ్లు వేటాడినా బతికిన కోర్టుని సొంతవాళ్లే మూసేశారు. అంతర్యుద్ధం, ప్రాణాల మీదికొచ్చిన సమయం అని ఎంత సర్దిచెప్పుకున్నా అది తప్పేనని నేననుకుంటాను.

అయితే తీర్పులు మాత్రం చెత్తబుట్టలో పడలేదు. 1923లో కొత్త ప్రభుత్వమే ఒక చట్టం తెచ్చి, డాయిల్ కోర్టుల్లో సగంలో ఆగిన కేసులు తేల్చడానికి, ఇచ్చిన తీర్పులు నమోదు చేయడానికి జ్యుడీషియల్ కమిషనర్లని వేసింది. ఎవరి ఇంట్లోనో, ఏ కొట్టంలోనో చెప్పిన తీర్పు కాగితాన్ని జనం తీసుకెళ్లి చూపిస్తే, దాన్ని రిజిస్టర్‌లో రాసుకున్నారు. నమస్కారం.